ఆటకు రాజపోషణ

2022 ఫిబ్రవరిలో కేంద్ర ఆర్థికమంత్రి తన బడ్జెటు ఉపన్యాసంలో యానిమేషను, విజువల్ ఎఫెక్ట్సు, గేములు, కామిక్సు అనే నాలుగింటినీ ఒకే మూటగా కట్టి, వీటివల్ల యువకులకు ఉద్యోగాలు విరివిగా దొరుకుతాయనీ, వీటి అభివృద్ధికి దారులు వెదకడానికి ఒక కార్యదళాన్ని నియమిస్తామనీ ప్రకటించారు. ఆ ఏడాది డిసెంబరులోనే కార్యదళం నివేదిక వచ్చింది. 2024లో ఈ విద్యల కోసం బొంబాయిలో ఒక జాతీయ కేంద్రం నెలకొల్పడానికి మంత్రివర్గం ఆమోదించింది. మన వైపు తెలంగాణ ప్రభుత్వం 2016లోనే "ఇమేజ్" అన్న పేరుతో ఒక విధానం ప్రకటించి వున్నది. ఇది ఒక ముఖం. రెండో ముఖం చూడండి: డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైను ఆటలను నిషేధిస్తూ 2017లో తెలంగాణలో, 2020లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టాలు సవరించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది.

అంటే మన ప్రభుత్వాలకు వీడియో గేము రెండే రూపాల్లో కనబడుతున్నది. ఒకటి ఫ్యాక్టరీ, రెండోది జూదపు కొట్టు. మొదటిదానికి రాయితీలు, రెండోదానికి పోలీసులు. ఈ రెండింటికీ నడుమ మూడోది ఒకటి వుండవచ్చునని, ఒక మనిషి ఒక కథ చెప్పుకోవడానికో, ఒక అన్యాయాన్ని చూపించడానికో గేము తయారుచెయ్యవచ్చునని ఎవరికీ తోచినట్టు లేదు. సంగీత నాటక అకాడమీ 1953లో, సాహిత్య అకాడమీ, లలితకళా అకాడమీ 1954లో ఏర్పడ్డాయి. ఈ మూడు గుమ్మాల మీద వున్న పేర్లలో దేనికిందా గేము రాదు. గేము చేసేవాడు పోవలసింది పరిశ్రమల శాఖకు. అక్కడివాళ్లు అతన్ని అడిగే మొదటి ప్రశ్న, ఎంతమందికి ఉద్యోగమిస్తావని.

ప్రజల సొమ్ముతో ఈ ఆటలను పోషించవచ్చునా అనే చర్చ ఇతర దేశాల్లో ఇరవై ఏళ్లుగా సాగుతున్నది. మన అభ్యుదయ శిబిరంలో మాత్రం దీన్ని గురించి ఆలోచించినవాళ్లు తక్కువ. ఆలోచించిన కొద్దిమందీ రెండు రకాలు. ఒకరకం వారు, చదువుకోవలసిన పిల్లలను చెడగొట్టే ఈ చెత్తకు ప్రజల సొమ్మా అని చెవులు మూసుకుంటారు. రెండోరకం వారు, ఇది బూర్జువా ప్రభుత్వం, దాన్ని కళల కోసం దేబిరించడం మన పని కాదు అంటారు. మొదటివారికి సమాధానం సులువు. రెండోవారి మాటలో కొంత బలం వున్నది గనక దాన్ని చివరకు అట్టిపెడతాను.

గేము కళ అవుతుందా? రాజర్ ఈబర్ట్ అనే పేరుమోసిన అమెరికన్ సినిమా విమర్శకుడు 2010లో కాదనీ, ఎన్నటికీ కాలేదనీ రాశాడు. మరుసటి ఏడు అక్కడి సుప్రీంకోర్టు పుస్తకాలకూ నాటకాలకూ సినిమాలకూ వున్న భావప్రకటన రక్షణే గేములకూ వున్నదని తీర్పు చెప్పింది. కోర్టు చెప్పినంత మాత్రాన ఏదీ కళ అయిపోదు గాని, విమర్శకుడు కాదన్నంత మాత్రాన కాకుండానూ పోదు. ఈ వాదం సినిమా విషయంలో మన తాతలు చేశారు, వచనకవిత్వం విషయంలో మన తండ్రులు చేశారు. దీని మీద ఇంకా సిరా ఖర్చు పెట్టడం నాకిష్టం లేదు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి, ఎందుకంటే అది మన వాళ్లు సాధారణంగా గమనించనిది. ఆటలో అర్థం బొమ్మల్లో వుండదు, మాటల్లో కూడా అంతగా వుండదు. నియమాల్లో వుంటుంది.

మన ఊళ్లలో అరుగుల మీద సుద్దతో గీసుకుని ఆడే పులి-మేక ఆటను తలచుకోండి. పులి మేకను దాటి దూకితే మేక చచ్చింది. మేక పులిని దూకలేదు. ఇంతవరకూ లోకరీతే. కాని మేకలన్నీ ఒకదాని వెనక ఒకటి సర్దుకుని, ఖాళీ లేకుండా నిలబడితే పులి కదలలేక కూచుంటుంది. ఈ మాట ఆటలో ఎవరూ ఎవరికీ చెప్పరు. ఆడేవాడి వేళ్లకు అర్థమవుతుంది. వైకుంఠపాళి ఇందుకు పూర్తిగా విరుద్ధమైన లోకాన్ని చూపిస్తుంది. అక్కడ పాములూ నిచ్చెనలూ పాపపుణ్యాలు. అయినా ఏ మెట్టు ఎక్కుతావో, ఏ పాము నోట్లో పడతావో నిర్ణయించేది గవ్వలు. కర్మసిద్ధాంతాన్ని ఇంత సూటిగా చెప్పిన శతకం నేను చదవలేదు. నియమాల్లో లోకదృష్టి వుంటుందని ఈ రెండు ఆటలు చాలు రుజువు చెయ్యడానికి.

ఇప్పటి వీడియో గేముల్లో ఈ శక్తిని పూర్తిగా వాడుకున్నవాటిలో ఒకదాన్ని గురించి కొంచెం వివరంగా చెబుతాను. దాని పేరు "పేపర్స్, ప్లీజ్". 2013లో లూకాస్ పోప్ అనే ఆయన దాదాపు ఒంటిచేత్తో చేశాడు. ఆడేవాడు ఒక కల్పిత దేశపు సరిహద్దు చౌకీలో గుమాస్తా. వరసలో వచ్చేవాళ్ల కాగితాలు చూసి, సరిగా వుంటే ఒక ముద్ర, లేకపోతే మరో ముద్ర వెయ్యాలి. తలకింతని కూలి. పొరపాట్లు చేస్తే జుల్మానా. సాయంత్రానికి వచ్చిన డబ్బుతో ఇంటి అద్దె, తిండి, చలికాచుకునే ఖర్చు గడవాలి. చాలకపోతే ఇంట్లో వాళ్లు జబ్బు పడతారు. ఒకనాడు ఒక మనిషి వస్తాడు, కాగితాలన్నీ సవ్యంగా వుంటాయి. నా వెనకే నా భార్య వస్తున్నది, కాస్త దయచూడండి అంటాడు. ఆమె దగ్గర ప్రవేశపత్రం లేదు. మనం ఏం చేస్తాం? నవలలో అయితే ఆ గుమాస్తాను మనం తిట్టుకుంటాం. ఇక్కడ ముద్ర మన చేతిలో వున్నది. తిరస్కార ముద్ర వేసి, ఆ రోజు కూలి లెక్క చూసుకుని, అమ్మయ్య అనుకున్న క్షణాన మనకు తెలిసివస్తుంది, మంచివాళ్లు కూడా దుర్మార్గపు యంత్రాలను ఎలా నడుపుతారో. ఆ దేశం పేరూ, జెండా రంగూ చూసి ఇది మన వాళ్లను వెక్కిరించడానికి చేసినదని కొందరు మిత్రులు కోప్పడవచ్చు. వీసా కోసం అమెరికా రాయబార కార్యాలయం ముందు నిలబడిన తెలుగు విద్యార్థి ఆడి చూస్తే, ఆ చౌకీ ఏ దేశానిదో అంత తొందరగా చెప్పలేడు.

గేముల్లో నూటికి తొంభై చెత్త కావచ్చు. నవలల్లో ఎంత? మన సినిమాల్లో ఎంత? ఈ లెక్క తియ్యడం మొదలుపెడితే ఏ కళకూ కానీ కూడా ఇవ్వలేం.

కాబట్టి "ఇవ్వవచ్చునా" అన్నది తేలిపోయింది. తేలవలసింది, ఎవరికి, ఏ రూపంలో, ఏ షరతు మీద అన్నది. వివాదమంతా నిజానికి ఇక్కడున్నది. ఇక్కడే ఎవరూ మాట్లాడటం లేదు.

ఇందులో మనకు స్వానుభవం లేకపోలేదు. 1949లో ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన ఏర్పడిన సినిమా విచారణ సంఘం 1951లో నివేదిక ఇచ్చింది; సినిమాలకు అప్పులిచ్చే సంస్థ ఒకటి కావాలన్నది దాని సిఫార్సుల్లో ఒకటి. 1960కి గాని ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషను పుట్టలేదు. ఈలోగా డబ్బు లేక ఆగిపోయిన "పథేర్ పాంచాలి"కి పశ్చిమ బెంగాలు ప్రభుత్వం సొమ్మిచ్చి పూర్తి చేయించింది. పేరులో "పథం" వున్నది గనక ఆ ఖర్చును రోడ్ల మరమ్మతు కింద రాశారని చెప్పుకుంటారు. సినిమాకు ఏ పద్దు కింద ఇవ్వాలో ప్రభుత్వానికి ఆనాడు తెలియలేదు, గేముకు ఏ పద్దు కింద ఇవ్వాలో ఈనాడు తెలియడం లేదు. అయినా 1955లో వచ్చిన ఆ సినిమా ఏమయిందో లోకానికంతటికీ తెలుసు. తరవాత కార్పొరేషను ఇచ్చిన అప్పులతో మృణాల్ సేన్ "భువన్ షోమ్" వచ్చింది, మణి కౌల్ "ఉస్కీ రోటీ" వచ్చింది. కాని ఆ బాటలో వచ్చిన సినిమాలు ఎన్నో డబ్బాల్లోనే మగ్గిపోయాయి. తియ్యడానికి అప్పు ఇచ్చినవాళ్లు ఆడించడానికి హాళ్లు ఇవ్వలేదు. ఇది మరిచిపోగూడని పాఠం. దీని దగ్గరకు మళ్లీ వస్తాను.

ఇప్పుడు బ్రిటన్ సంగతి. అక్కడ 1946లో రాజపత్రంతో ఏర్పడిన కళామండలి వున్నది. ప్రభుత్వం డబ్బిస్తుంది, కాని ఏ నాటకానికివ్వాలో ఏ బొమ్మకివ్వాలో చెప్పదు అన్నది దాని సూత్రం. అయితే గేములకు పెద్దయెత్తున సొమ్ము వెళ్లింది దాని చేతుల మీదుగా కాదు. పన్నుల శాఖ నుంచి వెళ్లింది. 2014లో వచ్చిన ఏర్పాటు ప్రకారం, "బ్రిటిష్ సంస్కృతి"కి చెందినదని ధ్రువపత్రం పొందిన గేము తయారీకి నూరు పౌన్లు ఖర్చయితే, అందులో ఎనభై పౌన్ల దాకా లెక్కలోకి తీసుకుని, దాని మీద నాలుగో వంతు, అంటే ఇరవై పౌన్ల దాకా ఖజానా నుంచి తిరిగి ఇస్తారు. కంపెనీకి లాభం రాక పన్ను కట్టవలసిన పనే లేకపోయినా నగదు చేతికి వస్తుంది. ధ్రువపత్రానికి 31 మార్కుల పరీక్ష, 16 వస్తే ఉత్తీర్ణత. పని ఎక్కడ జరిగింది, చేసినవాళ్లు ఏ దేశంవాళ్లు, మాటలు ఏ భాషలో వున్నాయి అన్నవాటికి కూడా మార్కులున్నాయి. 2024 జనవరి నుంచి దీని స్థానంలో మరో పేరుతో మరో లెక్క వచ్చింది గాని మూలసూత్రం మారలేదు.

ఈ రాయితీ ఎవరికి చేరింది? టాక్స్‌వాచ్ అనే పరిశోధక సంస్థ 2019లో ఒక నివేదిక ప్రకటించింది. ఎడింబరోలో వున్న రాక్‌స్టార్ నార్త్ అనే కంపెనీ 2015-2017 మధ్య 4 కోట్ల 20 లక్షల పౌన్ల రాయితీ పొందిందనీ, యావత్తు పరిశ్రమకూ ఇచ్చినదాంట్లో ఇది 19 శాతమనీ, ఆ గుంపు పదేళ్లపాటు బ్రిటన్‌లో కార్పొరేషను పన్నే కట్టలేదనీ అందులో వున్నది. ఈ కంపెనీ చేసిన "గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5" 2013లో విడుదలయిన మూడు రోజుల్లో వంద కోట్ల డాలర్ల అమ్మకాలు దాటింది. కథ జరిగేది లాస్ ఏంజెలెస్‌ను పోలిన అమెరికన్ నగరంలో. పాత్రలు కార్లు దొంగిలిస్తారు, బ్యాంకులు దోస్తారు. బ్రిటిష్ సంస్కృతిగా దానికి ధ్రువపత్రం దొరికింది. ఆ ఆటలో కళ లేదని నేననను. అమెరికన్ జీవితాన్ని అది వెక్కిరించే తీరులో చాలాచోట్ల పదునున్నది. నేననేది, వంద కోట్లు ఆర్జించగల సరుకుకు ఖజానా నుంచి పోషణ ఎందుకని. జవాబు పద్ధతిలోనే వున్నది. ఖర్చును కొలిచి ఇచ్చే పోషణ, ఎక్కువ ఖర్చు పెట్టగలిగినవాడికి ఎక్కువ ఇస్తుంది. పెట్టుబడి వున్నవాడికి పెట్టుబడి ఇచ్చి, దానికి సంస్కృతి అని పేరు పెట్టారు.

దీని పక్కన అమెరికా నుంచి మరో ఉదాహరణ. 1965లో ఏర్పడిన అక్కడి జాతీయ కళానిధి 2011లో గేములను కూడా సహాయానికి అర్హమైనవిగా ప్రకటించింది. అప్పుడు అక్కడి పత్రికల్లో పెద్ద గోలే జరిగింది. 2012లో ట్రేసీ ఫుల్లర్టన్ అనే ఆచార్యురాలి బృందానికి 40,000 డాలర్లు ఇచ్చారు. ఆ సొమ్ముకు మరికొంత తోడుచేసుకుని, ఏళ్ల తరబడి పనిచేసి, 2017లో "వాల్డెన్" అనే గేము విడుదల చేశారు. థోరో ఒక కొలను ఒడ్డున గుడిసె వేసుకుని బతికిన బతుకే అందులో ఆట. గింజలు నాటుకోవాలి, బట్టలు కుట్టుకోవాలి. మరీ ఎక్కువ పనిచేస్తే చుట్టూ అడవి రంగు వెలిసిపోతుంది. (గాంధీ ఎవరి వ్యాసం చదివి శాసనధిక్కారం అన్న మాటకు బలం తెచ్చుకున్నాడో ఆ థోరోనే.) ఏ కంపెనీ లాభం కోసం ఇటువంటిది చేస్తుంది? ఎడింబరో కంపెనీ పొందిన రాయితీకీ దీనికిచ్చిన సాయానికీ వెయ్యి రెట్లు మించిన తేడా వున్నది. దేశాలు వేరు, నిజమే. పద్ధతుల స్వభావం మాత్రం ఈ అంకెల్లో కనబడుతున్నది.

ఆస్ట్రేలియాలో ఈ రెండు పద్ధతులూ ఒకే గడ్డ మీద ఒకదాని వెనక ఒకటి వచ్చాయి గనక, అక్కడ తేడా ఇంకా స్పష్టం. 2012లో లేబర్ ప్రభుత్వం రెండు కోట్ల డాలర్లతో గేముల నిధి ఏర్పాటు చేసింది. 2014 మే బడ్జెటులో ఆబట్ ప్రభుత్వం, సగం సొమ్ము ఇంకా మిగిలి వుండగానే, దాన్ని ఎత్తివేసింది. చాలామంది చిన్న తయారీదార్లు చెల్లాచెదరయ్యారు. అయితే విక్టోరియా రాష్ట్రం మాత్రం తన సినిమా సంస్థ ద్వారా చిన్న చిన్న మొత్తాలు ఇస్తూనే వచ్చింది. ఆ సాయం పొందినవాటిలో మెల్‌బోర్న్‌లో నలుగురు స్నేహితులు చేసిన గేము ఒకటి 2019లో వచ్చింది. దానికి పేరు పెట్టడం కూడా మానేసి "అన్‌టైటిల్డ్ గూస్ గేమ్" అన్నారు.

ఇందులో నాయకుడు ఒక పెద్దబాతు. ఊరు ప్రశాంతమైన ఇంగ్లీషు పల్లెటూరు. తోటమాలి, దుకాణదారు, ఇరుగుపొరుగు ఇళ్లవాళ్లు, సారాకొట్టువాళ్లు, ఎవరి హద్దులో వాళ్లు, ఎవరి వస్తువులు వాళ్లు సర్దుకుంటూ వుంటారు. బాతు చేతికొక జాబితా: తోటమాలి తాళాలు ఎత్తుకుపోవాలి, అతను ఎండటోపీ పెట్టుకునేలా చెయ్యాలి, ఇలాంటివి. ఎవరినీ చంపడం లేదు, మార్కులు లేవు, కొనుక్కోవలసిన ఆయుధాలు లేవు. బాతు అరుస్తుంది, ముక్కున కరుచుకుంటుంది, పరుగెత్తుతుంది. పైకి అల్లరి. కాసేపు ఆడాక తెలుస్తుంది, ఈ హాస్యమంతా సొత్తు అనే భావం మీద నిలిచి వున్నదని. ఒకే దడికి ఇవతలి వస్తువు అవతల పడేసరికి ఇద్దరు మర్యాదస్తులు ఎంత కంగారు పడతారో చూస్తే, చట్టం ఎంత సన్నని దారాలతో అల్లారో కనబడుతుంది. ఆఖరికి ఆ బాతు ఊరి బొమ్మ నమూనాలోని గోపురం నుంచి గంటను పీకి, ఊరంతా వెంటపడుతుండగా మోసుకొచ్చి ఒక గుంటలో పడేస్తుంది. గుంటలో అప్పటికే అలాంటి గంటలు బోలెడు. ఇది దాని మొదటి దోపిడీ కాదన్నమాట. ఈ ముగింపు చూసి నేను పగలబడి నవ్వాను. ఇటువంటి నవ్వు తెప్పించే కథ ఏడాదికొకటి వస్తే మన పత్రికలు ధన్యం.

ఆ గేము కొద్దినెలల్లో పదిలక్షల ప్రతులు దాటి అమ్ముడుపోయింది. చేసినవాళ్లు తమ రాబడిలో నూటికి ఒకటి ఆ భూమి అసలు హక్కుదార్లయిన ఆదివాసుల సంస్థలకు ఇస్తామని ప్రకటించారు. అమ్మకాల వల్ల అది గొప్పదయిందని నేను చెప్పడం లేదు. మొదట్లో ఈ ఊహ వింటే ఏ వడ్డీవ్యాపారీ కానీ పెట్టడు. పెట్టింది ప్రజాధనం.

ఇక అదే దేశంలో రెండో పద్ధతి. 2022 జూలై నుంచి వర్తించేటట్టు కేంద్ర ప్రభుత్వం ఖర్చులో 30 శాతం తిరిగి ఇచ్చే పన్ను రాయితీ తెచ్చింది. జూదపు గేములను మినహాయించారు, అంతవరకు మేలే. కాని అయిదు లక్షల డాలర్లకు తక్కువ ఖర్చు పెట్టేవాడు దానికి అర్హుడు కాడు. ఒక గదిలో ముగ్గురు కూర్చుని చేసే ఆటకు ఆ గుమ్మం మూసేవున్నది. అక్కడ చిన్న చిన్న సహాయాలు కూడా పక్కన మళ్లీ మొదలయ్యాయి గనక సరిపోయింది. మన దేశంలో చర్చ జరుగుతున్నదంతా ఈ రెండో తరహా మీదనే. ఉద్యోగాలు, ఎగుమతులు, విదేశీ పెట్టుబడి. ఈ పాట పాడేవాళ్లకు ముందు తరహా వున్నట్టు కూడా తెలిసినట్టు లేదు.

ఉద్యోగాలంటే ఏ ఉద్యోగాలు? బెంగుళూరు, పూనా, హైదరాబాదుల్లో వేలమంది చిత్రకారులు పరదేశాల గేములకు చెట్లు, రాళ్లు, గోడలు, తుపాకులు చేసి పంపుతున్నారు. మన లలితకళా కళాశాలల్లో చదివిన పిల్లలు వీళ్లలో వున్నారు. ఆరునెలలు ఒకే తుపాకికి తుప్పు మరకలు అద్దినవాడికి, ఆ గేము కథ ఏమిటో తెలియదు. గేము చివర వచ్చే పేర్లలో చాలాసార్లు అతని కంపెనీ పేరే వుంటుంది, అతని పేరు వుండదు. 1997లో బెంగుళూరులో మొదలయిన ధ్రువ అనే సంస్థ కాలక్రమాన విదేశీ చేతుల్లోకి పోయి, 2019లో మనం ఇంతకుముందు చెప్పుకున్న ఆ రాక్‌స్టార్ కంపెనీకే చేరింది. ఇటు బ్రిటిష్ ప్రజల పన్ను, అటు బెంగుళూరు చవక శ్రమ. రెండు ఏర్లూ ఒకే చెరువులో కలిశాయి. మార్క్స్ చదివిన విద్యార్థికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

అక్కడి శ్రామికుల పరిస్థితి కూడా చూడాలి. 2025 అక్టోబరు చివర ఆ కంపెనీ బ్రిటన్, కెనడాల్లో ముప్పైమందికి పైగా ఉద్యోగులను తొలగించింది. సంఘం పెట్టుకుంటున్నారన్న కక్షతోనే తీసేశారని యూనియను అన్నది, రహస్యాలు బయటపెట్టినందుకని కంపెనీ అన్నది. పోలెండులో ప్రభుత్వ పరిశోధనా నిధి నుంచి 2016లో సహాయం పొందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ కంపెనీ, 2020లో "సైబర్‌పంక్ 2077" విడుదలకు ముందు తన ఉద్యోగులచేత వారానికి ఆరు రోజులు పనిచేయించింది. ప్రజల సొమ్ము తీసుకున్నవాడు యూనియనును గుర్తించాలనీ, పని గంటలు పాటించాలనీ షరతు పెట్టడానికి ఏ ప్రభుత్వానికీ నోరు రాలేదు. రోడ్డు కాంట్రాక్టుకయినా కనీస వేతనాల మాట కాగితం మీద వుంటుంది.

శ్రమతో పాటు హక్కు సంగతీ వున్నది. 2019లో వచ్చిన "డిస్కో ఎలీసియం" అనే గేము, ఓడిపోయిన విప్లవం శిథిలాల మధ్య తిరిగే ఒక తాగుబోతు పోలీసు కథ. సాహిత్యగుణంలో దానితో సరితూగగలవి కొద్ది. ఎస్టోనియా రచయితల బృందం దాన్ని సృష్టించింది. బహుమతి అందుకునేటప్పుడు వేదిక మీద నుంచే మార్క్స్ ఎంగెల్సులకు కృతజ్ఞతలు చెప్పింది. మూడేళ్లు తిరగకుండా ముఖ్య రచయితలు ఆ కంపెనీలో లేరు. తమ ఇష్టానికి విరుద్ధంగా పంపారని వాళ్లన్నారు, కంపెనీ వేరే కారణాలు చెప్పింది. తగవులో ఎవరిది న్యాయమో కోర్టులు చూసుకుంటాయి గాని, వాళ్లు సృష్టించిన లోకం మాత్రం వాటాదార్ల దగ్గర వుండిపోయింది. ప్రజాధనం ఇచ్చేచోట, కథా పాత్రలూ సృష్టించినవాళ్ల హక్కు అమ్ముడుపోకుండా ఒక షరతు రాయించడం కష్టం కాదు.

ఇప్పుడు రెండోరకం మిత్రుల దగ్గరకు వస్తాను. ప్రభుత్వపు సొమ్ము తింటే ప్రభుత్వపు పాట పాడాలి గదా అంటారు వాళ్లు. పోతన, శ్రీనాథుల కథలు మనకెవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. 1943లో మొదలయిన ప్రజానాట్యమండలి ఏ సర్కారు గ్రాంటుతో తిరిగింది? "మా భూమి" నాటకాన్ని ఆడనివ్వకుండా నిషేధించింది సర్కారే గదా? నిజమే. అమెరికాలో 1935లో నిరుద్యోగ నటులకు పని కల్పించడానికి పెట్టిన ఫెడరల్ థియేటర్ గతి కూడా తెలిసిందే. ఇళ్ల కొరత మీద, కరెంటు కంపెనీల మీద నాటకాలు వెయ్యగానే శాసనసభ్యులు విచారణ పెట్టారు. ఒక సభ్యుడు, ఈ మార్లో అనేవాడు కమ్యూనిస్టా అని అడిగాడు. షేక్స్పియర్‌కు సమకాలికుడయిన క్రిస్టఫర్ మార్లోను గురించి! 1939 జూన్ ఆఖరుకు నిధులు ఆపి మూసేశారు.

అయినా ఆ నాలుగేళ్లలో ఫెడరల్ థియేటర్ వేసిన నాటకాలను ఎవరూ వెనక్కు లాగలేకపోయారు. ఎన్నడూ నాటకం చూడని లక్షలమంది చూశారు. మూసెయ్యగలరు గనక అడగవద్దనే వాదం పట్టుకుంటే, మనం ప్రభుత్వ బడులనూ గ్రంథాలయాలనూ కూడా అడగకూడదు. గ్రంథాలయోద్యమం చేసినవాళ్లు అలా అనుకోలేదు. ఖజానాలో వున్నది కూలివాడు బీడీ కట్ట మీద, కిరసనాయిలు మీద కట్టిన పన్ను. దాన్ని కంపెనీలకు పంచుతుంటే నోరెత్తకుండా, కళాకారుడికిచ్చే నాలుగు రూపాయల దగ్గరే మనకు స్వాతంత్ర్యం గుర్తుకు రావడం విచిత్రం. మనం తీసుకోకపోతే ఆ సొమ్ము మిగలదు. పురాణ వైభవాన్ని పొగిడే గేములకు పోతుంది. ఈ ప్రమాదం పూర్తిగా వున్నది. జాతీయ సంస్కృతి అన్న మాటను ఎవరు ఎలా వాడుతున్నారో మనం చూస్తూనే వున్నాం. నిర్ణయం మంత్రి చేతిలో వుండగూడదనీ, రచయితలూ, చిత్రకారులూ, గేములు చేసేవాళ్లూ, వాళ్ల యూనియను ప్రతినిధులూ కూచునే మండలి చేతిలో వుండాలనీ గట్టిగా అడగడానికి ఇదొక్కటి చాలు కారణం.

మరి తెలుగుదేశాల్లో మనం అడగవలసింది ఏమిటి? మహా భవనాలు అక్కరలేదు. ఏడాదికి పాతికమందికి, ఒక్కొక్కరికి ఒక సంవత్సరం తిండికి సరిపడే మొత్తం, ఖర్చును బట్టి కాకుండా ఊహను బట్టి ఇచ్చినా చాలును. పల్లెలో ట్యూషన్లు చెప్పుకునే కుర్రవాడూ, కార్ఖానాలో తుప్పు మరకలు అద్దే అమ్మాయీ దానికి దరఖాస్తు పెట్టుకోగలగాలి. కంపెనీ రిజిస్టరు చేసుకుని రమ్మనగూడదు. గేము తెలుగులో వుండాలన్న షరతు నేను పెట్టను గాని, తెలుగులో చేసేవాడికి నష్టం రాకుండా చూడాలి. టొరంటోలో స్థిరపడిన తమిళ కుటుంబం వంటింటి చుట్టూ అల్లిన "వెణ్బా" 2023లో వచ్చి, మరుసటి ఏడు బ్రిటన్‌లో బాఫ్టా బహుమతి తెచ్చుకున్నది. ఇడ్లీ ఎలా వెయ్యాలో మరిచిపోయిన తల్లి, మాట మరిచిపోతున్న కొడుకు, అంతే కథ. డాలసులోనూ న్యూజెర్సీలోనూ ఇలాంటి తెలుగు వంటిళ్లు ఎన్ని లేవు! వలసపోయిన పాలమూరు కూలీ బతుకు, గుత్తేదారుకూ అప్పుకూ మధ్య నలిగే కౌలురైతు లెక్కలు, ఇవి నవలలో ఎంత బాగా వస్తాయో నియమాలతో నడిచే ఆటలో అంతకంటే బాగా రావచ్చు. కౌలురైతు జీవితమే ఒక క్రూరమయిన ఆట. పావులు అతనివి, గవ్వలు వేసేది మరొకడు.

సినిమా విషయంలో జరిగిన తప్పు ఇక్కడ జరగకుండా, చేసినవాటిని జనం చేతికి చేర్చే ఏర్పాటు కూడా సాయంతో పాటే వుండాలి. జిల్లా గ్రంథాలయాల్లో రెండేసి యంత్రాలు పెట్టి ఈ గేములు ఆడుకోనిస్తే పెద్ద ఖర్చు కాదు. కళాశాలల్లో వీటి మీద చర్చ జరగాలి. పోలెండులో యుద్ధంలో చిక్కుకున్న పౌరుల కష్టాల మీద వచ్చిన "దిస్ వార్ ఆఫ్ మైన్" గేమును 2020లో బడిపిల్లల పఠనీయాల జాబితాలోనే చేర్చారు.

భద్రపరచడం మరో సంగతి. 1954లో చేసిన చట్టం ప్రకారం మన దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకమూ కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి చేరాలి. అందువల్లనే ఎవరూ కొనని కవితాసంపుటాలు కూడా ఎక్కడో ఒకచోట బతికివున్నాయి. గేముకు అటువంటి చోటు లేదు. 2024 మార్చిలో యూబీసాఫ్ట్ అనే కంపెనీ "ది క్రూ" అనే గేము సర్వర్లను ఆపివేస్తే, డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్లు కూడా దాన్ని తెరవలేకపోయారు. ప్రజల సొమ్ముతో తయారయిన గేమును, కంపెనీ వున్నా పోయినా ఆడుకోగలిగే రూపంలో, ఒక ప్రజాగ్రంథాలయంలో దాఖలు చెయ్యాలని ఇచ్చే కాగితం మీదనే రాయాలి. పదేళ్ల కిందటి ఫోనులో ఆడిన ఆటలు ఇవాళ్టి ఫోనులో చాలామటుకు తెరుచుకోవడం లేదు.